ఒంగోలు దూడకు కాగితాలు రాయించే ముందు జాగ్రత్తలు

ఒంగోలు, కొండపి, కందుకూరు వైపు ఆవు నేడో రేపో ఈనేలా ఉన్నవాళ్లు పుట్టే దూడ తల్లిదండ్రుల వివరాలు రాయించడానికి ఇవి ఇప్పుడే సరిచూసుకోండి.

తండ్రి నంబరు: సూది (కృత్రిమ గర్భధారణ) వేయించిన రోజే స్ట్రా మీది ఆంబోతు నంబరును ఫోటో తీసుకోండి. 0.25 మిల్లీలీటర్ల వీర్యం పట్టే సన్నటి గొట్టం అది, పని కాగానే చెత్తలోకి పోతుంది. ఆ నంబరు లేకపోతే దూడ ఎంత ముచ్చటగా ఉన్నా తండ్రి గడి ఖాళీయే. తర్వాత నింపడం కష్టం.

తేదీలు: చూలు సుమారు 285 రోజులు. మూడు వారాలు ఎక్కువైతే సూది నిలవలేదనీ, 21 రోజులకు మళ్లీ ఎదకొచ్చినప్పుడు ఊరి ఆంబోతు దాటిందనీ అనుమానించాల్సిందే. అలాంటప్పుడు సూది నంబరు రాయించకండి. తప్పుడు తండ్రి పేరు ముందు తరాలన్నిటినీ పాడుచేస్తుంది.

చెవి ట్యాగు: పేడ మరక తుడిచి, 12 అంకెలూ చూసి రాయండి. నోటితో చెబితే తారుమారవుతాయి.

కొని తెచ్చిన ఆవైతే ట్యాగు పాత యజమాని పేరు మీదే ఉంటుంది. ముందు రైతు సేవా కేంద్రంలో మార్పించండి.

గుర్తులు: 'తెలుపు' అంటే చాలదు. కోడెదూడకు వయసొచ్చేకొద్దీ తల, మెడ, మూపురం నల్లబడతాయి. సుడులు మాత్రం మారవు, ఎక్కడెక్కడ ఉన్నాయో రాయించండి.