షాపింగ్ కాంప్లెక్సు మీద పావురాలు గూడు పెట్టకుండా ఎలా చేయాలి?

సాయంత్రం ఆరు కావస్తుండగా విజయవాడ బీసెంట్ రోడ్డులోనో, గుంటూరు అరండల్‌పేటలోనో ఏదో ఒక పాత కాంప్లెక్సు ఎదుట నిలబడి పైకి చూడండి. షాపు బోర్డు మీద రెండు పావురాలు, మూడో అంతస్తు సన్‌షేడ్ మీద ఏడెనిమిది, ఏసీ ఔట్‌డోర్ యూనిట్ కింద ఒక జంట. అన్నీ పావురాలే అయినా వచ్చిన పనులు వేరు. బోర్డు మీదవి కాసేపు వాలి పోతాయి. సన్‌షేడ్ మీదవి రాత్రి పడకకు చేరాయి. ఏసీ కింది జంట గూడు పెట్టింది. వాలే పావురాన్ని ఇనుప ముళ్లు ఆపుతాయి. గూడు పెట్టిన జంటను అవి ఆపవు సరికదా, జారిపోయే పుల్లలకు ఊతంగా నిలుస్తాయి. డబ్బులు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. బెల్జియంలోని ఆంట్వెర్ప్‌లో మాగ్‌పై అనే పక్షి అలాంటి ముళ్లనే భవనం మీద నుంచి పీక్కెళ్లి, దాదాపు 1,500 ముళ్లతో గూడు కట్టుకున్న సంగతి 2023లో నెదర్లాండ్స్ పరిశోధకులు బయటపెట్టారు.

ముందు రెండు రోజులు చూడండి

కాగితం మీద బిల్డింగు ముందు వైపు, వెనక వైపు గీసుకోండి. ఉదయం ఏడుకు, మధ్యాహ్నం ఒకసారి, చీకటి పడే ముందు ఒకసారి ఎక్కడెక్కడ ఎన్ని ఉన్నాయో గుర్తు పెట్టండి. రెట్టలు చూసినా తెలిసిపోతుంది. వరసగా చుక్కలు పడి ఉంటే పగటిపూట వాలే చోటు. ఒకేచోట కుప్ప పడి ఉంటే రాత్రి పడక. కుప్పలో పుల్లలు, వైరు ముక్కలు, ఈకలు కలిసి ఉంటే గూడు.

తిండి, నీళ్లు ఎక్కడ దొరుకుతున్నాయో కూడా రాసుకోండి. వన్‌టౌన్‌లో బియ్యం, పప్పుల బస్తాలు దించే చోట రాలిన గింజలు, టిఫిన్ బండి దగ్గర మిగిలిన ముక్కలు, పొంగిపోయే ట్యాంకు, ఏసీ పైపు నుంచి కారే నీళ్లు. ఇవి ఆపకుండా ఎంత నెట్టు (వల) కట్టినా పావురాలు పక్క బిల్డింగులో కాపురం పెట్టి మీ అంచుల మీదే తిరుగుతాయి. పుణ్యమని రోజూ జొన్నలు చల్లేవాళ్లు ఉంటారు. వాళ్లతో గొడవ వద్దు, అది తెగదు. గింజలు చల్లే చోటును బిల్డింగుకు దూరంగా మార్చమని అడిగితే చాలామంది ఒప్పుకుంటారు.

గూట్లో గుడ్లుంటే పని ఆపండి

పావురం మామూలుగా రెండు గుడ్లు పెడుతుంది. పొదగడానికి దాదాపు 18 రోజులు, పిల్లలు ఎగిరిపోవడానికి ఇంకో నెల. అంటే గుడ్లు కనబడిన రోజు నుంచి ఏడు వారాల దాకా ఆ ఒక్క చోటు వదిలేసి, మిగతా పని చేసుకోవాలి. ఇది జాలి సంగతి మాత్రమే కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అడవి పక్షుల గుడ్లు పాడుచేయడం, గూళ్లను కదపడం కూడా ‘వేట’ కిందికే వస్తాయి. కన్నాల్లో ఉన్నది గుడ్లగూబో, చిలకో అయితే అసలు చేయి పెట్టకుండా అటవీ శాఖ వాళ్లకు చెప్పండి.

ఒక్క జాగ్రత్త: పావురం మొదటి పిల్లలు ఇంకా గూట్లో ఉండగానే మళ్లీ గుడ్లు పెట్టగలదు. అందుకని ఆఖరి వారం రోజూ చూడాలి. పిల్లలు ఎగిరిన రోజే గూడు తీసేసి, ఆ చోటు మూసేయాలి. రెండు రోజులు ఆలస్యమైతే మళ్లీ ఏడు వారాలు.

రెట్టలు తీయడం

ఎండిన రెట్టలను చీపురుతో ఊడ్చొద్దు, బ్లోయర్ అసలు పెట్టొద్దు. ఆ దుమ్ములో ఊపిరితిత్తులకు జబ్బు తెచ్చే ఫంగస్, బ్యాక్టీరియా ఉండొచ్చు. ఎన్95 మాస్కు, కళ్లద్దాలు, రబ్బరు గ్లవ్స్ వేసుకుని, మొక్కలకు కొట్టే స్ప్రేయరుతో నీళ్లు చల్లి పది నిమిషాలు నాననివ్వాలి. తాపీతో గీకి, రెండు పొరల కవర్లో వేసి మూతి కట్టేయాలి. ఆ తర్వాత ఒక వంతు ఇళ్లలో వాడే బ్లీచ్ ద్రావణానికి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి సిమెంటు మీద కొట్టి, పావుగంట ఉంచి కడగాలి. ఏసీ రేకుల మీద, అల్యూమినియం ప్యానెళ్ల మీద బ్లీచ్ వద్దు, సబ్బు నీళ్లు చాలు. బ్లీచ్‌లో బాత్రూములకు వాడే యాసిడ్ కలిపితే క్లోరిన్ గ్యాసు వస్తుంది. పనివాళ్లు మరక పోవడం లేదని ఆ పొరపాటు చేస్తుంటారు, కనిపెట్టుకుని ఉండండి.

గూడు తీశాక అందులో ఉండే మైట్లనే సన్నని పురుగులు వెచ్చదనం వెతుక్కుంటూ కిటికీ సందుల్లోంచి లోపలికి వస్తాయి. గూడు తీసిన రోజే చుట్టుపక్కల సందులకు పురుగుల మందు కొట్టించండి.

నెట్టు: గూళ్లకు అసలు మందు

బాల్కనీలు, ఏసీలు పెట్టే గూళ్లు, పైపుల డక్టు పైభాగం... వీటికి నెట్టే సరైనది. కన్నం సైజు పక్షిని బట్టి ఉంటుంది. పావురాలకు 50 ఎం.ఎం., గోరింకలు కూడా ఉంటే 28 ఎం.ఎం., పిచ్చుకలు దూరకూడదంటే 19 ఎం.ఎం. ఎండను తట్టుకునే యూవీ రకమని అడిగి తీసుకోండి. మే నెల ఎండకు మామూలు దారం పెళుసెక్కిపోతుంది.

1. ఖాళీ చోటు పొడవు, ఎత్తు రెండేసి చోట్ల కొలవండి. పాత బిల్డింగుల్లో పై అంచు, కింది అంచు సమానంగా ఉండవు. పెద్ద కొలత తీసుకుని, నాలుగు వైపులా అరడుగు కలిపి నెట్టు కోయండి.

2. నెట్టును పట్టే హుక్కుల కోసం 8 ఎం.ఎం. డ్రిల్లు బిట్టుతో రెండు అంగుళాల లోతు కన్నాలు వేయండి. లోతును ప్లాస్టరింగు దాటాక లెక్కపెట్టాలి. ప్లాస్టరింగే అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం ఉంటుంది. హుక్కు అందులోనే ఆగితే మొదటి గాలివానకు ముక్కతో సహా ఊడివస్తుంది. స్లాబు అంచుకు రెండు అంగుళాల లోపు కన్నం వేస్తే మూల పగులుతుంది. కన్నంలో పొడి ఊది తీసేశాకే హుక్కు పట్టే ప్లగ్గు దింపాలి. హుక్కుకూ హుక్కుకూ మధ్య అడుగున్నర, మూలల్లో లావు హుక్కులు. అల్యూమినియం ప్యానెల్ షీటుకు హుక్కు వేయొద్దు. షీటు బరువు మోయదు, వాన నీళ్లు లోపలికి దిగుతాయి.

3. హుక్కుల గుండా 2 ఎం.ఎం. స్టెయిన్‌లెస్ స్టీల్ తీగ లాగండి. ఒక కొసన క్లాంపు, రెండో కొసన టర్న్‌బకిల్ (తిప్పితే తీగ బిగిసే మర). తీగ కట్టేటప్పుడు టర్న్‌బకిల్ దాదాపు పూర్తిగా విప్పి ఉండాలి. చాలామంది దాన్ని బిగించి ఉంచి తీగ కడతారు. ఆరు నెలలకు తీగ సాగినప్పుడు బిగిద్దామంటే తిప్పడానికి మరలే మిగలవు, మొత్తం విప్పి మళ్లీ కట్టాలి.

4. నెట్టును పై తీగ మధ్యలో తగిలించి, అక్కడి నుంచి రెండు మూలలకూ వెళ్లండి. ఒక మూల నుంచి మొదలుపెడితే రెండో మూలకు వచ్చేసరికి కన్నాలు పక్కకు లాగేసి ఉంటాయి. ప్రతి కన్నాన్నీ తీగకు రింగుతో కలపాలి. తర్వాత పక్కలు, చివర కింది అంచు. మామూలు తెల్ల కేబుల్ టైలు ఎండకు విరిగిపోతాయి. టైలే వాడాల్సి వస్తే ఎండ తట్టుకునే నల్లవి వాడండి.

5. ఆఖరి మూల మూసే ముందు లోపల ఏ పక్షీ లేదని చూసుకోండి. ఏసీ మీద, పైపుల వెనక టార్చి వేసి చూడాలి. మర్నాడు పొద్దున, సాయంత్రం మళ్లీ చూడండి.

6. అంచుల చుట్టూ చేత్తో తడమండి. మూడు వేళ్లు కలిపి దూరే సందు ఎక్కడున్నా పావురం అందులోంచే వస్తుంది. నెట్టు వదులుగా వేలాడకూడదు. వదులు నెట్టులో పక్షి కాళ్లు చిక్కుకుని అక్కడే చనిపోతుంది.

ఔట్‌డోర్ యూనిట్‌కు ఆనించి నెట్టు చుట్టేయొద్దు. ఈకలు, దుమ్ము పట్టి గాలి ఆడక ఏసీ వేడెక్కుతుంది. నెట్టు ఏసీ పెట్టిన గూడు ముఖానికే కట్టి, మెకానిక్ చేయి పట్టేలా హుక్కులతో తెరుచుకునే చోటు వదలండి. లేదంటే మొదటి సర్వీసింగు రోజే కత్తెర పడుతుంది. మంటలొస్తే బయటపడాల్సిన కిటికీలు, మెట్ల దారులకు తెరుచుకోని నెట్టు కట్టనే కూడదు.

ముళ్లు, వాలు: సన్నని అంచులకు

పిట్టగోడకు పేరులోనే పిట్ట ఉంది. దాని మీద వాలకుండా చేయాలంటే ముళ్ల పట్టీలే తేలిక. నాలుగు అంగుళాల వెడల్పు అంచుకు ఒక వరస సరిపోతుంది, ఎనిమిది అంగుళాలైతే రెండు వరసలు. బయటి వరస సరిగ్గా అంచు మీదే ఉండాలి. ముళ్లను గోడ వైపు జరిపి ముందు రెండు అంగుళాలు వదిలేస్తే పావురం ఆ రెండు అంగుళాల మీదే హాయిగా కూర్చుంటుంది. అతికించే ముందు పాత రంగు పెచ్చులు గీకి, దుమ్ము తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. రంగు మీద అతికిస్తే జిగురు బాగానే పట్టుకుంటుంది, ఊడేది రంగే. ఈ పని ఉదయం పది లోపు చేసి, ఒక రోజంతా కదపకుండా ఉంచండి.

గూడు పెట్టే అలవాటున్న మూలకు ముళ్ల కంటే వాలు మేలు. నున్నటి అల్యూమినియం రేకు 45 డిగ్రీలు దాటితే పావురం కాలు నిలవదు. 60 డిగ్రీలు పెడితే అనుమానమే ఉండదు. సన్నని అంచుకు సిమెంటుతోనే వాలు తీర్చి నున్నగా రుద్దొచ్చు. రెండడుగుల సన్‌షేడ్ మీద మాత్రం సిమెంటు పోయొద్దు, ఆ బరువుకు సన్‌షేడే కుంగుతుంది. అక్కడ మడత రేకే వాడాలి, రెండు పక్కలా మూసేయాలి. పక్కలు వదిలేస్తే రేకు కిందే గూడు పెడతాయి.

సోలార్ ప్యానెళ్ల కింద చుట్టూ జాలీ కట్టించేటప్పుడు క్లిప్పులే వాడమనండి. ఫ్రేముకు కన్నాలు వేస్తే వారంటీ చిక్కొస్తుంది. షట్టరు డబ్బా చివర్లు రేకుతో మూయండి. అక్కడుండేవి పిచ్చుకలైతే వాటిని ఉండనిచ్చి, పక్కన గోడకు ఒక చెక్క గూడు తగిలించండి. అవి చేసే పాడు ఏముంది.

పనిచేయనివి

మిరప్పొడి చల్లమనే సలహా గుంటూరులో వినబడకుండా ఎలా ఉంటుంది? మిరపలోని క్యాప్సైసిన్ మంట మనకూ, కోతులకూ, ఎలుకలకూ తెలుస్తుంది గానీ పక్షులకు తెలియదు. చిలకలు పండుమిరప కాయలు కొరుక్కుతినేది అందుకే. పొడి గాలికి లేచి షాపుకొచ్చిన వాళ్ల కళ్లలో పడుతుంది, అంతే. మనిషికి వినబడని శబ్దం చేసే యంత్రాలు కొనొద్దు, ఆ శబ్దం పక్షికీ వినబడదు. ప్లాస్టిక్ గుడ్లగూబకు నాలుగు రోజుల్లో అలవాటుపడి దాని నెత్తినే కూర్చుంటాయి. జిగురు పూతలు ఎండకు కారి, దుమ్ము పట్టి గోడను పాడుచేస్తాయి. పిచ్చుకలు అతుక్కుని చస్తాయి.

ఎత్తు మీద పని, ఆ తర్వాత

నిచ్చెన అందని చోట పరంజా కట్టించండి, లేదా తాళ్లతో దిగే పనివాళ్లను పిలవండి. బెల్టు తాడు పిట్టగోడ రెయిలింగుకు కాదు, స్తంభానికి కట్టాలి. కింద ఫుట్‌పాత్ మూయాలి. ఇరుకు వీధుల్లో కరెంటు తీగలు బాల్కనీలకు అందేంత దగ్గరగా ఉంటాయి. కరెంటు సంస్థ సీపీడీసీఎల్ వాళ్లకు చెప్పి సరఫరా ఆపించాకే స్టీలు తీగ లాగాలి.

పని పూర్తయ్యాక రెండు మూడు వారాలు పాత జంట వచ్చి ముక్కుతో, కాళ్లతో సందులు వెతుకుతుంది. ఆ రోజుల్లో రోజూ ఒకసారి పైకి చూసి, కొత్తగా పెట్టిన పుల్లలు అప్పటికప్పుడే తీసేయాలి. తర్వాత ఏడాదికి రెండుసార్లు చూస్తే సరిపోతుంది. జూన్ వానలకు ముందు వాన నీళ్ల గొట్టాల్లో ఈకలు అడ్డం పడ్డాయేమో చూడండి. నవంబరు తుపానుల తర్వాత హుక్కులు, టర్న్‌బకిల్ చూడండి. తీగను వేలితో లాగి వదలండి. ఊగుతూ ఉండిపోతే రెండు చుట్లు బిగించండి.