ఇల్లు సర్దుకుందాం – 3వ పాఠం: ముందు దారి, తర్వాతే సోఫా

కిందటి పాఠంలో హాలు కొలిచి, గళ్ల కాగితం మీద అడుగుకి రెండు గళ్ల చొప్పున బొమ్మ గీసుకున్నాం. గుమ్మాలు, కిటికీలు, ప్లగ్ పాయింట్లు ఎక్కడున్నాయో గుర్తు పెట్టుకున్నాం. ఆ కాగితం తీసి ముందు పెట్టుకోండి, ఈ పాఠమంతా దాని మీదే నడుస్తుంది. ఇంకా గీయనివాళ్లు ముందు ఆ పని పూర్తిచేసి రండి. లేకపోతే ఇక్కడ చెప్పే అంకెలు చదివిన వెంటనే మర్చిపోతారు.

హాలు సర్దాలి అనగానే చాలామంది సోఫా ఏ గోడకి వెయ్యాలా అని మొదలుపెడతారు. ఈ పాఠంలో మనం అక్కడ మొదలుపెట్టం. హాలు అందరూ కూర్చునే చోటే కాదు, అందరూ దాటుకుని వెళ్లే చోటు కూడా. వీధి గుమ్మం నుంచి గదుల్లోకి, గదుల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి బాల్కనీలోకి తిరుగుతూనే ఉంటాం. ఆ తిరుగుడుకి అడ్డం పడితే ఎంత మంచి సోఫా అయినా నాలుగు రోజుల్లో చికాకు పుట్టిస్తుంది. దారి ముందే తేల్చుకుంటే మిగిలిన చోట ఏ సామాను పడుతుందో, ఏది పట్టదో తేలిగ్గా తెలుస్తుంది.

దారి గీతలు

ఎర్ర పెన్సిల్ ఒకటి తీసుకోండి. మీ బొమ్మలో ఒక గుమ్మం మధ్య నుంచి ఇంకో గుమ్మం మధ్యకి, మనుషులు నిజంగా నడిచేలాగే గీత గీయండి. స్కేలు వద్దు, చేత్తో గీస్తే చాలు. అన్ని గుమ్మాల మధ్యా గీశాక, కిటికీ తీయడానికీ స్విచ్ బోర్డు దగ్గరికీ వెళ్లే దారులు కూడా గీయండి. రోజంతా నడిచే దారిని రెండు మూడుసార్లు దిద్ది లావు చేయండి. ఎప్పుడో వెళ్లే దారిని సన్నగా ఉంచండి.

ఈ పద్ధతికి దాదాపు వందేళ్ల చరిత్ర ఉంది. అలెగ్జాండర్ క్లైన్ అనే ఆర్కిటెక్ట్ 1928లో ఇళ్ల ప్లాన్ల మీద ఇలాగే నడక గీతలు గీసి చూపించాడు. మామూలుగా కట్టే ఇంట్లో ఆ గీతలు ఒకదాన్నొకటి ఎన్ని చోట్ల కోసుకుంటాయో, గదుల అమరిక మారిస్తే ఎంత విడివిడిగా ఉంటాయో రెండు ప్లాన్లు పక్కపక్కన పెట్టి వివరించాడు. అంతకు రెండేళ్ల ముందు, 1926లో, మార్గరెట్ షూటే లిహోట్స్కీ అనే ఆర్కిటెక్ట్ జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో కొత్త ఇళ్ల కోసం వంటగది డిజైన్ చేసినప్పుడు కూడా పని చేసేవాళ్లు వేసే అడుగులు తగ్గించడం మీదే దృష్టి పెట్టింది. మనకి ఇంటి గోడలు మార్చే వీలు లేదు. సామాను మార్చే వీలు మాత్రం పూర్తిగా మన చేతుల్లోనే ఉంది.

ఇప్పుడు మీ కాగితం చూడండి. గీతలన్నీ గది మధ్యలోంచి అడ్డదిడ్డంగా పోతున్నాయా? లేక ఒక గోడ వారగా పోతున్నాయా? రెండో రకం అయితే మీ పని సగం అయిపోయినట్టే. మొదటి రకం అయితే సామానుతో ఆ దారిని ఒక పక్కకి మళ్లించాలి. అదెలాగో ఉదాహరణలో చూద్దాం. ముందు కొన్ని అంకెలు కావాలి.

గుర్తుంచుకోవాల్సిన అంకెలు

ముఖ్యమైన దారి వెడల్పు 36 అంగుళాలు. ఒకరు చేతిలో బట్టల బుట్ట పట్టుకుని ఇబ్బంది లేకుండా నడవగలరు. చక్రాల కుర్చీ తిన్నగా వెళ్లడానికి కూడా కనీసం అంతే కావాలి. ఆ కుర్చీ వెనక్కి తిరగాలంటే మాత్రం 60 అంగుళాల వ్యాసం ఉన్న ఖాళీ ఎక్కడో ఒకచోట ఉండాలి. అప్పుడప్పుడు వెళ్లే దారికి 24 అంగుళాలు సరిపోతుంది. అంతకన్నా తగ్గితే పక్కకి తిరిగి నడవాల్సి వస్తుంది.

సోఫాకీ టీపాయ్‌కీ మధ్య 16 నుంచి 18 అంగుళాలు వదలండి. కూర్చున్నచోటి నుంచి చెయ్యి చాపితే కప్పు అందాలి, లేచేటప్పుడు మోకాళ్లు తగలకూడదు. ఆ రెండూ కుదిరే దూరం అదే. టీపాయ్ ఎత్తు సోఫా సీటుతో సమానంగా గానీ, ఒకటి రెండు అంగుళాలు తక్కువగా గానీ ఉండాలి. భోజనాల బల్ల కూడా హాల్లోనే ఉంటే మనిషికి 24 అంగుళాల అంచు లెక్కేసుకోండి. కుర్చీ వెనక్కి లాగి లేవడానికి బల్ల అంచు నుంచి గోడ దాకా 36 అంగుళాలు ఉంచండి.

తలుపు రెక్క సంగతి చాలామంది వదిలేస్తారు. 36 అంగుళాల తలుపు లోపలికి తెరుచుకుంటే ఆ మేరకి పావు వృత్తం మొత్తం ఖాళీగా ఉండాలి. బొమ్మలో ఆ వంపు గీయండి. దాని లోపల చెప్పుల స్టాండు కూడా పెట్టొద్దు.

ఒక హాలు లెక్క

12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు ఉన్న హాలు తీసుకుందాం. వీధి గుమ్మం ఒక 12 అడుగుల గోడకి ఎడమ చివర ఉంది. లోపలికి వెళ్లే గుమ్మం దాని ఎదురు గోడకి అదే పక్క చివర ఉంది. అంటే ముఖ్యమైన దారి ఎడమ గోడ వారగా తిన్నగా పోతోంది. టీవీ కుడి గోడకి.

మామూలుగా ఏం చేస్తాం? టీవీకి ఎదురుగా ఉన్న ఎడమ గోడకి సోఫా ఆనించేస్తాం. సోఫా లోతు 36 అంగుళాలు, దారి వెడల్పూ 36 అంగుళాలే. సరిగ్గా దారి మీదే సోఫా కూర్చుంటుంది. ఇక లోపలికి వచ్చినవాళ్లు సోఫా చుట్టూ తిరిగి, కూర్చున్నవాళ్లకీ టీవీకీ మధ్యలోంచి వెళ్తారు. కూర్చున్నవాళ్లు కాళ్లు ముడుచుకుంటారు. టీపాయ్‌ని రోజుకోసారి ఎవరో ఒకరు పక్కకి జరుపుతారు. హాలు చిన్నదైపోయింది అనుకుంటాం కానీ, నిజానికి హాలు సరిపోతుంది, సోఫా చోటే తప్పు.

సోఫాని గోడ నుంచి ముందుకి తెచ్చి, దారిని దాని వెనక్కి పంపించండి. ఇప్పుడు వెడల్పు లెక్క ఎడమ గోడ నుంచి ఇలా వస్తుంది: దారి 36, సోఫా 36, ఖాళీ 18, టీపాయ్ 20, ఖాళీ 18, టీవీ యూనిట్ 16. కూడితే 144 అంగుళాలు, అంటే సరిగ్గా 12 అడుగులు. ఎవరు వచ్చినా ఎవరు వెళ్లినా సోఫా వెనకనుంచే. చదువుకుంటున్న పిల్లాడు తల ఎత్తాల్సిన పని లేదు, సినిమా చూస్తున్నవాళ్లకి అడ్డం వచ్చేవాళ్లూ ఉండరు.

సోఫా గోడకి ఆనకపోతే చూడటానికి వెలితిగా ఉంటుందని ఒక భయం ఉంటుంది. సోఫా వీపు దారి పక్కకి కనబడుతుంది కాబట్టి వెనక వైపు కూడా బట్ట శుభ్రంగా కుట్టి ఉన్న సోఫా ఎంచుకోవాలి, అంతే. కొన్ని సోఫాలకి వెనక నల్లటి పల్చటి గుడ్డ కొట్టి వదిలేస్తారు, అవి గోడ వారకే పనికొస్తాయి. వీపు ఎత్తు 32 – 34 అంగుళాలు దాటకపోతే గది రెండు ముక్కలైనట్టు అనిపించదు.

ఇంట్లో చిన్నపిల్లలుంటే మధ్యలో టీపాయ్ తీసేయమనే చెప్తాను. అప్పుడు సోఫాకీ టీవీ యూనిట్‌కీ మధ్య 56 అంగుళాల నేల దొరుకుతుంది. ఆడుకోవడానికి, కింద కూర్చుని బొమ్మలు వేసుకోవడానికి అంతకన్నా మంచి చోటు ఉండదు. కప్పు పెట్టుకోవడానికి సోఫా చెయ్యి పక్కన చిన్న స్టూలు చాలు.

పొడవు వైపు చూస్తే 15 అడుగులు, అంటే 180 అంగుళాలు. ముగ్గురు కూర్చునే సోఫా 84 అంగుళాలు తీసుకుంటుంది. దాన్ని సరిగ్గా మధ్యలో పెడితే రెండు పక్కలా నాలుగేసి అడుగులు మిగులుతాయి. వీధి గుమ్మం వైపు ఉన్న నాలుగడుగులు ఖాళీగానే వదిలేయండి, లోపలికి వచ్చిన మనిషి కూర్చునే చోటికి చేరేది అటునుంచే. రెండో చివర ఒక విడి కుర్చీ కొంచెం వాలుగా తిప్పి వేస్తే మాట్లాడుకోవడానికి ముఖాలు కనబడతాయి. అందరూ ఒకే వరసలో టీవీ వైపు తిరిగి కూర్చునే హాల్లో మాటలు తగ్గిపోతాయని నా గట్టి నమ్మకం. కనీసం ఒక కుర్చీ అయినా మనుషుల వైపు తిరిగి ఉండాలి.

టీవీ గురించి రెండు మాటలు. 55 అంగుళాల టీవీ అంటే ఆ 55 ఐమూలగా కొలిచింది. వెడల్పు దాదాపు 48, ఎత్తు దాదాపు 27 అంగుళాలు వస్తుంది. చూసేవాళ్ల కంటికీ తెరకీ మధ్య దూరం ఐమూల కొలతకి 1.6 రెట్లు ఉంటే హాయిగా ఉంటుంది. 55కి అది 88 అంగుళాలు, అంటే ఏడడుగుల నాలుగంగుళాలు. మన ఉదాహరణలో సోఫాలో కూర్చున్నవాళ్ల కళ్లు తెరకి దాదాపు ఎనిమిదడుగుల దూరంలో ఉంటాయి, కాబట్టి బాగానే కుదిరింది. ఎత్తు విషయంలో మాత్రం దాదాపు అందరూ పొరపడతారు, టీవీని ఫొటో ఫ్రేములా పైకి ఎక్కించేస్తారు. సోఫాలో కూర్చున్న మనిషి కళ్లు నేల నుంచి 40 – 44 అంగుళాల ఎత్తులో ఉంటాయి. తెర మధ్యభాగం ఇంచుమించు ఆ ఎత్తులోనే ఉంటే మెడ నొప్పి రాదు.

నేల మీద పరిచి చూడటం

కాగితం మీద కుదిరింది కదా అని కొనేయొద్దు. పాత న్యూస్‌పేపర్లు, మాస్కింగ్ టేపు తీసుకోండి. సోఫా 84కి 36 అనుకుంటే అంత మేర పేపర్లు నేల మీద పరిచి, అంచులు టేపుతో అంటించండి. టీపాయ్‌కి, కుర్చీకి, టీవీ యూనిట్‌కి కూడా అలాగే. సోఫా వీపు రావాల్సిన చోట ఖాళీ అట్టపెట్టెలు వరసగా నిలబెట్టండి. పేపరు మీద నుంచి దాటేస్తాం కానీ పెట్టె మీద నుంచి దాటలేం, అందుకే అవి కావాలి.

రెండు రోజులు అలాగే ఉంచి, మీ పనులు మీరు మామూలుగా చేసుకోండి. జాగ్రత్తగా నడవమని ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు. రెండో రోజు సాయంత్రం కిందికి వంగి పేపర్లు చూడండి. ఏ మూల నలిగిందో, ఎక్కడ చిరిగిందో, ఏ టేపు ఊడిందో అక్కడ రేపు ఎవరిదో ఒకరి కాలివేలు సోఫా కాలికి తగులుతుందన్నమాట. ఆ మూలని ఆరు అంగుళాలు జరిపి, ఇంకో రోజు చూడండి. జరపడానికి చోటు లేకపోతే చిన్న సోఫా తీసుకోవాలి. రెండు సీట్ల సోఫా 60 అంగుళాల దగ్గర దొరుకుతుంది, దాంతో పాటు విడి కుర్చీ వేసుకుంటే ముగ్గురికీ సరిపోతుంది.

ఈ పని జరుగుతున్నప్పుడే గుమ్మం కూడా కొలిచేయండి. ఫ్రేము కొలత కాదు, తలుపు పూర్తిగా తెరిచాక రెక్కకీ ఎదుటి ఫ్రేముకీ మధ్య నిజంగా మిగిలే ఖాళీ. మెట్లు, లిఫ్టు, మలుపు కూడా కొలవాలి. సోఫాని నిలువుగా నిలబెట్టి తీసుకురావాల్సి వస్తే దాని పొడవు లిఫ్టు ఎత్తు కన్నా తక్కువ ఉండాలి. కాళ్లు మర తిప్పి ఊడదీసే రకమైతే నాలుగైదు అంగుళాలు కలిసొస్తాయి. ఇది ముందే చూసుకుంటే సామాను వచ్చిన రోజు టెన్షన్ ఉండదు.

గోడకి బిగించాల్సినవి

దారి పక్కన పుస్తకాల అలమర గానీ, సొరుగుల బీరువా గానీ పెడుతుంటే దాన్ని గోడకి బిగించి తీరాలి. దీంట్లో ఆలోచించడానికి ఏమీ లేదు. పిల్లలు సొరుగులు లాగి మెట్లలా ఎక్కుతారు. రెండు మూడు సొరుగులు ఒకేసారి తెరుచుకుంటే బరువంతా ముందుకి వస్తుంది, పైన పిల్లాడి బరువు కూడా కలిస్తే బీరువా వాళ్ల మీదికే ఒరుగుతుంది. పైభాగంలో రెండు చోట్ల ఎల్ ఆకారం బ్రాకెట్లు పెట్టి, గోడలో ప్లగ్గులు దిగగొట్టి స్క్రూలు వేయించండి. స్టాండు మీద నిలబెట్టే టీవీకి వెనక పట్టీ కట్టి గోడకి లాగించండి. బరువైన పుస్తకాలు, వస్తువులు కింది అరల్లో, తేలికవి పైన పెట్టండి. పిల్లల్ని ఊరించే బొమ్మ, రిమోటు లాంటివి బీరువా నెత్తిన పెట్టకండి.

ఈ వారం అభ్యాసం

ఎర్ర గీతల బొమ్మని ఫొటో తీసి పెట్టుకుని, అదే హాలుకి రెండు వేర్వేరు అమరికలు గీయండి. ఒకదాంట్లో సోఫా గోడకి ఆనాలి, రెండోదాంట్లో ఆనకూడదు. రెండింట్లోనూ వెడల్పు లెక్క పైన చూపినట్టే అంగుళాల్లో కూడి, గది కొలతతో సరిపోయిందో లేదో చూసుకోండి. లెక్క దాటిపోతే ముందు టీపాయ్ తగ్గించండి, తర్వాత సోఫా లోతు. దారిలో మాత్రం ఒక్క అంగుళం కూడా తగ్గించొద్దు.

వచ్చే పాఠం సోఫా లోపలి సంగతులు: సీటు ఎత్తు, లోతు, ఫోమ్ సాంద్రత, చట్రం చెక్క. దానికి రెండు కొలతలు సిద్ధం చేసుకోవాలి. ఇంట్లో సోఫాలో ఎక్కువసేపు కూర్చునేది ఎవరో చూసి, వాళ్లని గట్టి కుర్చీలో పాదాలు నేలకి ఆనేలా కూర్చోబెట్టండి. మోకాలి వెనక నుంచి నేల దాకా ఒక కొలత, మోకాలి వెనక నుంచి నడుము వెనక దాకా ఇంకో కొలత తీసి, పేరుతో సహా ఆ గళ్ల కాగితం వెనకే రాసిపెట్టండి. పెద్దవాళ్లుంటే వాళ్ల కొలతలు ముందు తీసుకోండి.