విదేశీ రొట్టె అందాక: జర్మనీలో కంపెనీకి రాయాల్సిన అడ్రసు యాడుంటుంది?

రొట్టెల పండుగకి స్వర్ణాల చెరువులో దిగిన నెల్లూరు వాళ్లకి ఒక సంగతి తెలుసు. ఊరికే చెయ్యి చాపితే రొట్టె రాదు. విదేశాలకి పోవాలని కోరికుంటే "విదేశీ రొట్టె, విదేశీ రొట్టె" అని గట్టిగా అడగాలి. అంతకు ముందు కోరిక తీరినవాళ్లు అదే పేరుతో రొట్టె పట్టుకుని నీళ్లలో నిలబడి ఉంటారు, వాళ్లని వెతుక్కోవాలి. పెళ్లి రొట్టె పట్టుకున్నామెని పోయి ఉద్యోగ రొట్టె అడిగితే "అటు పక్కన అడుగు నాయనా" అంటుంది. జర్మనీలో కంపెనీకి ఈమెయిల్ రాయడం కూడా ఇట్టాంటిదేనని నాకు అర్థం కావడానికి ఒక చలికాలం పట్టింది.

వచ్చిన మొదటి ఏడాది గది మారాను. పాత గదిలోని ఇంటర్నెట్ ఆపేయమని కంపెనీకి మూడుసార్లు రాశాను. బిల్లు ఏ అడ్రసు నుంచి వచ్చిందో దానికే రిప్లై కొట్టాను, అంతకన్నా ఆలోచించలేదు. ఆ బిల్లు అడుగున సన్న అక్షరాల్లో "ఈ అడ్రసుకి వచ్చే మెయిళ్లు ఎవరూ చదవరు" అని జర్మన్‌లో ఉందట. అప్పటికి నాకు వచ్చిన జర్మన్ కూరగాయల కొట్టు వరకే. మూడు నెలలు డబ్బు కట్ అవుతానే ఉంది. చివరికి పక్క గదిలో ఉండే ఒంగోలు అబ్బాయి వచ్చి, వాళ్ల వెబ్‌సైట్ తెరిచి, కిందికి, ఇంకా కిందికి, అట్టడుక్కి జరిపి ఒక పదం మీద వేలు పెట్టాడు: ఇంప్రెసుమ్.

ఈ దేశానికి వచ్చినోళ్లు "డాంకె" (థాంక్స్) తర్వాత నేర్చుకోవాల్సిన రెండో మాట ఇదే అంటాను నేను. ఇక్కడ వ్యాపారం కోసం వెబ్‌సైట్ నడిపే ఎవరైనా ఇంప్రెసుమ్ అనే పేజీ పెట్టి తీరాలి, అది చట్టం. ఇంతకుముందు టెలిమీడియా చట్టంలో ఉండేది. 2024 మే నుంచి డిజిటల్ సేవల చట్టం ఐదో సెక్షన్‌లోకి మారింది. కంపెనీ పూర్తి పేరు, వీధి అడ్రసు, దాని తరఫున సంతకం పెట్టే హక్కున్న మనిషి పేరు, వ్యాపార రిజిస్టర్‌లో ఉంటే ఆ నంబరు, వాటితోపాటు ఈమెయిల్ అడ్రసు కూడా అక్కడ ఉండాలి. పేజీ పేరుకి ఉంటే చాలదు, ఆ అడ్రసు పనిచెయ్యాలి కూడా. గూగుల్ తన ఇంప్రెసుమ్‌లో ఇచ్చిన అడ్రసుకి రాస్తే "ఇన్ని మెయిళ్లు చదవలేం" అని యంత్రం జవాబిచ్చేది. వినియోగదారుల సంఘాలవాళ్లు కోర్టుకి పోతే, అట్టాంటి అడ్రసు అడ్రసే కాదని బెర్లిన్ కోర్టు 2014లో చెప్పింది. పైకోర్టు 2017లో అదే ఖాయం చేసింది.

కాబట్టి అడ్రసు గూగుల్‌లో వెతకొద్దు. మనకి ఊళ్లో ఒక అలవాటు ఉంది. గ్యాస్ రాకపోయినా, ఫోన్‌పే ఇరుక్కుపోయినా ఫలానా కస్టమర్ కేర్ నంబర్ అని కొట్టి, పైన ఏది కనిపిస్తే దానికి ఫోన్ చేస్తాం. పైన కనిపించేది డబ్బు కట్టి పెట్టిన ప్రకటన కావచ్చు. ఆ ప్రకటన ఒక దొంగ పెట్టిందీ కావచ్చు. కావలిలో మా పిన్ని కొడుకు అట్టనే ఓటీపీ చెప్పేశాడు. ఇక్కడా అదే ఆట జర్మన్ భాషలో నడుస్తుంది. మీ చేతిలో ఉన్న కాంట్రాక్టు కాగితం మీద కంపెనీ వెబ్‌సైట్ పేరు ఉంటుంది. దాన్ని మీరే టైప్ చేసి తెరిచి, అక్కడి నుంచి అట్టడుక్కి పోండి.

ఎవరైనా మీకు మెయిల్ పంపితే ఎట్ గుర్తు తర్వాత ఉన్నదాన్ని కుడివైపు నుంచి ఎడమకి చదవండి. డాట్ డీఈ, డాట్ కామ్ లాంటి తోకలుంటే చివరి చుక్కకి అటూ ఇటూ ఉన్న రెండు ముక్కలే అసలు ఇంటి పేరు. దానికి ముందు ఎంత పెద్ద కంపెనీ పేరు ఉన్నా అది గేటుకి తగిలించిన బోర్డు లాంటిదే, ఎవరైనా తగిలించుకోవచ్చు. గది అద్దెకిస్తాం, ముందు అడ్వాన్సు పంపండి అనే మెయిళ్లు మన పిల్లలకి వచ్చినన్ని ఇంకెవరికీ రావేమో. కంపెనీ పేరు చెప్పుకుని జీమెయిల్ నుంచి రాస్తే, గది చూసి కాంట్రాక్టు చేతికి రాకముందు ఒక్క యూరో కూడా కదపొద్దు.

సరే, అసలు అడ్రసు దొరికింది. ఇక్కడే మళ్లీ రొట్టె సంగతి. ఇంప్రెసుమ్‌లో ఎక్కువగా ఉండేది ఇన్ఫో అనే అడ్రసు. అది వాకిలి. లోపల ఎవరి గది ఏదో అక్కడ కూర్చున్నవాళ్లు చూసి పంపాలి. బిల్లు తగాదా అయితే బిల్లు కాగితం పైన కుడిపక్క చూడండి, ఆ విభాగం అడ్రసు చాలాసార్లు నేరుగా అచ్చు వేసి ఉంటుంది. డాటెన్‌షుట్స్ (డేటా రక్షణ) అనే పేజీలో ఇంకో అడ్రసు ఉంటుంది. అది మీ వివరాలు వాళ్ల దగ్గర ఏమేం ఉన్నాయి, వాటిని తీసేయండి అని అడగడానికి. యూరప్ డేటా చట్టం ప్రకారం మామూలుగా నెలలోపు జవాబు ఇవ్వాలి గనక అక్కడివాళ్లు తొందరగా పలుకుతారు. అది చూసి కొందరు బిల్లు గొడవలు కూడా అక్కడికే రాస్తారు. నాకు నచ్చదు, పని కూడా కాదు. పెళ్లి రొట్టె ఆమెని ఉద్యోగం అడిగినట్టే.

పేరులో ఓ, యు, ఏ అక్షరాల మీద రెండు చుక్కలుంటే ఈమెయిల్‌లో చుక్కలు తీసేసి పక్కన ఇంకో 'ఈ' అక్షరం చేర్చి రాయడం ఇక్కడ వాడుక. మ్యుల్లర్ అనే పేరులో చుక్కల యు ఉంటే మెయిల్‌లో యు, ఈ రెండూ వరసగా వస్తాయి. ఇది తెలియక చుక్కలు మాత్రం తీసేసి పంపితే మెయిల్ తిరిగి వచ్చేస్తుంది. మెయిలర్ డీమన్ అనే పేరుతో ఇంగ్లీషులో పొడుగు ఉత్తరం వస్తే భయపడొద్దు. ఎక్కువసార్లు అలాంటి పేరుతో ఇక్కడెవరూ లేరు అని దాని అర్థం.

రాసేటప్పుడు సబ్జెక్టులోనే కుండెన్‌నుమ్మర్ పెట్టండి. అంటే మీ కస్టమర్ నంబరు. అది లేని మెయిల్ అడ్రసు సరైనదైనా ఎక్కడో ఆగిపోతుంది. "రెస్పెక్టెడ్ సర్, డూ ది నీడ్‌ఫుల్" అనే మన కాలేజీ ధోరణి ఇక్కడ పారదు. ఏ నీడ్‌ఫుల్లో వాళ్లకి తెలియదు. ఏం కావాలి, ఏ తేదీ లోపు కావాలి, నాలుగు వాక్యాల్లో చెప్పండి. అనువాదం యాప్ జర్మన్ అయినా ఫరవాలేదు, నవ్వుకుంటారేమో గానీ పని చేసిపెడతారు. అడ్రసు బదులు ఫారం మాత్రమే నింపమంటే, పంపే ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఫారం పంపాక మీ దగ్గర ఆనవాలు ఏమీ మిగలకపోవచ్చు.

జిమ్ము, ఫోను, ఇంటర్నెట్ ఆపించడానికైతే ఇప్పుడు అడ్రసు వెతికే పని కూడా తగ్గింది. ఆన్‌లైన్‌లో చేరే వీలున్న నెలవారీ కాంట్రాక్టులకి 2022 జులై 1 నుంచి వెబ్‌సైట్‌లోనే రద్దు బటన్ పెట్టాలి. దాని మీద "ఫెర్‌ట్రేగే హియర్ క్యుండిగెన్" (కాంట్రాక్టులు ఇక్కడ రద్దు చేసుకోండి) లాంటి మాట ఉంటుంది. నొక్కి, వచ్చిన పేజీలో వివరాలు నింపి ఖాయం చేసిన వెంటనే అందినట్టు మెయిల్ రావాలి. నా చలికాలం నాటికి ఇది లేదు. బటన్ కనపడకపోతే ఇంప్రెసుమ్ అడ్రసుకి మెయిల్ రాసినా ఇట్టాంటివాటికి చెల్లుతుంది.

ఈమెయిల్ చెల్లని ముఖ్యమైన చోట్లు రెండున్నాయి, మనవాళ్లు ఎక్కువ దెబ్బ తినేది ఇక్కడే. ఇల్లు ఖాళీ చేస్తున్నామని ఓనరుకి చెప్పేది, ఉద్యోగం మానేస్తున్నామని కంపెనీకి చెప్పేది. రెండింటికీ పెన్నుతో సంతకం పెట్టిన కాగితమే కావాలి. ఎంత సరైన అడ్రసుకి పంపినా మామూలు మెయిల్ నోటీసు కింద లెక్కలోకి రాదు. మామూలు అద్దె ఇంటికి మూడు నెలల నోటీసు. కాగితం నెల మూడో పనిదినం లోపు ఓనరుకి చేరితేనే ఆ నెల లెక్కకి వస్తుంది. పోస్టాఫీసులో రిజిస్టర్డ్ పోస్టు చేసి రసీదు దాచుకోండి. ఇక్కడ ఇంప్రెసుమ్ కాదు, మీ అద్దె కాంట్రాక్టులో రాసిన ఓనరు ఇంటి అడ్రసే చూడాలి.

పాస్‌పోర్ట్ పనులకి బెర్లిన్‌లో ఎంబసీ ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్, మ్యూనిక్, హాంబర్గ్‌లలో కాన్సులేట్లున్నాయి. మీరున్న రాష్ట్రం ఎవరి కిందికి వస్తుందో చూసుకుని వాళ్లకే రాయండి. వాళ్ల అడ్రసులు గవ్ డాట్ ఇన్ అని ముగుస్తాయి.

మిగిలింది ఊళ్లో బ్యాంకు. ఇక్కడికొచ్చాక ఇండియా సిమ్ము ఆగిపోయి, ఓటీపీ రాక, ట్రంకు రోడ్డు బ్రాంచికి అమ్మని పంపించే బాధ అందరిదీ. "నువ్వు రావాలంట గదరా" అని ఆమె ఫోన్ చేస్తుంది. బ్రాంచి మేనేజరు వాట్సాప్ నంబరు కోసం చుట్టాలందరినీ అడగడం కన్నా, బ్యాంకు సొంత వెబ్‌సైట్‌లో గ్రీవెన్స్ (ఫిర్యాదులు) లేదా నోడల్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) అని ఉన్న పేజీకి పోండి. అసలు సైటో కాదో తేల్చుకోవడం ఇప్పుడు తేలిక. రిజర్వు బ్యాంకు చెప్పడంతో 2025 అక్టోబరు 31 గడువుగా మన బ్యాంకులు డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే తోకకి మారాయి, ఆ తోక బ్యాంకులకే ఇస్తారు. నోడల్ ఆఫీసరుకి రాసి 30 రోజుల్లో జవాబు రాకపోతేనో, వచ్చిన జవాబు నచ్చకపోతేనో బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఇక్కడి నుంచే ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. అమ్మ కౌంటర్ దగ్గర నోటితో చెప్పిన మాటకి ఆ 30 రోజుల లెక్క చూపించలేరు. ఆమెని బ్రాంచికి పంపిన రోజే మీరు కూడా ఇక్కడి నుంచి ఒక మెయిల్ పెట్టేయండి.