రీఫ్ ట్యాంకులో పురుగు కనిపిస్తే ముందు తల చూడండి

కోరల్ (పగడాలు) పెంచే ఉప్పునీటి అక్వేరియమే రీఫ్ ట్యాంకు. అందులో రాత్రి లైట్లు ఆరాక రాతి సందులోంచి జెర్రిలాంటిది బయటికి రాగానే చాలామంది పట్టకారు వెతుక్కుంటారు. పట్టకారు తర్వాత, ముందు టార్చి తీయండి. దానికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం చుట్టండి. ఎర్ర వెలుతురును ఈ పురుగులు పెద్దగా పట్టించుకోవు. తెల్ల వెలుతురు పడిందంటే రెప్పపాటులో సందులోకి దూరిపోతాయి. నేను చూసేవి మూడే: తల ఎలా ఉంది, దేన్ని తింటోంది, ఒళ్లు గుండ్రంగా ఉందా, బల్లపరుపుగా ఉందా.

గులాబీ లేదా గోధుమరంగు ఒళ్లు, రెండు పక్కలా తెల్లటి ముళ్ల కుచ్చులు ఉంటే అది మామూలు బ్రిసిల్ వర్మ్. చూడ్డానికి భయంగా ఉంటుంది కానీ మిగిలిపోయిన మేతా, చేపల రెట్టా, రాళ్ల వెనక చచ్చిపడ్డవీ తినేది అదే. చచ్చిన నత్త చుట్టూ ఇవి మూగి ఉంటే హత్యానేరం వీటిమీదే పడుతుంది. చాలాసార్లు నత్త ముందే చచ్చి ఉంటుంది, ఇవి వాసన పట్టి వస్తాయి. బాగా పెరిగిపోయాయంటే మీరు మేత ఎక్కువ వేస్తున్నారని అర్థం. తగ్గించండి, వాటంతట అవే తగ్గుతాయి. వందలకొద్దీ ఏరిపారేసి ట్యాంకు శుభ్రమైందనుకునేవాళ్లను చూస్తే నాకు చిరాకు. రాయి కదిపేటప్పుడు మాత్రం గ్లవ్స్ వేసుకోండి. ముళ్లు గుచ్చుకుంటే రుద్దకుండా, టేపు అంటించి పైకి లాగండి.

అదే ముళ్ల కుచ్చుల పక్కన ఎర్రటి మొప్పలు, తలమీద ముడతలు పడ్డ కండ కనిపిస్తే జాగ్రత్త. అది గడ్డపు ఫైర్ వర్మ్, హెర్మోడిస్ కారంక్యులాటా. అట్లాంటిక్, కరీబియన్, మధ్యధరా సముద్రాల్లో ఉంటుంది, కోరల్ తింటుంది. ట్యాంకుల్లో అరుదు. కోరల్ కొమ్మ చివర దాని నోట్లో కనిపించిందంటే ఇక అనుమానమే అక్కర్లేదు.

తలమీద ఐదు మీసాలు, ఒంటిమీద ఇంద్రధనుస్సు మెరుపు ఉంటే యూనిసిడ్. బాబిట్ వర్మ్ ఈ కుటుంబానిదే, దాదాపు 3 మీటర్ల దాకా పెరగగలదు. చిన్నవాటిలో చాలావరకు పాచీ చెత్తా తిని బతుకుతాయి. అయితే చేపలు మాయమవుతున్నా, కోరల్ రాత్రికి రాత్రి కొరికేసినట్టున్నా వదలకూడదు. పట్టకారుతో లాగితే తెగుతుంది, తల ఉన్న ముక్క లోపలే ఉండి మళ్లీ పెరుగుతుంది. రాయినే మొత్తంగా తీసి వేరే తొట్టిలో పెట్టండి.

ఈకల కిరీటం విప్పే ఫెదర్ డస్టర్లు, సన్నటి దారాలు చాచే స్పెగెటీ వర్మ్‌లు, అద్దంమీద తెల్లటి చిన్న చుట్టలు, అన్నీ మంచివే. గట్టి గొట్టంలోంచి ఈకలు రాకుండా జిగురు దారాలు మాత్రమే వస్తుంటే అది పురుగు కాదు, వర్మెటిడ్ నత్త. పక్కనున్న కోరల్‌కు ఆ జిగురుతో ఇబ్బందే.

నాకు అసలు టెన్షన్ బల్లపరుపు వాటితోనే. తుప్పు రంగులో, తోక దగ్గర మూడు మొనలతో ఇసుకమీదా కోరల్‌మీదా పరుచుకునే చిన్న ఫ్లాట్ వర్మ్‌లు కోరల్ తినవు, దాని వెలుతురుకు అడ్డం పడతాయి. ఒకేసారి చస్తే విషం వదులుతాయి. అందుకే ముందు సైఫన్‌తో వీలైనన్ని లాగేసి, ఆ తర్వాతే మందు వేయాలి. వెంటనే విషాన్ని పీల్చుకునే యాక్టివేటెడ్ కార్బన్ పెట్టి, ఎక్కువ నీళ్లు మార్చాలి. మందు ముందు వేస్తే చేపల ప్రాణాలకే ముప్పు.

అక్రోపోరా అనే కొమ్మల కోరల్‌ను తినే ఫ్లాట్ వర్మ్ మరీ మోసగాడు. కోరల్ రంగులోనే కలిసిపోయి కంటికి ఆనదు. కొమ్మలమీద గుండ్రటి పాలిపోయిన మచ్చలుంటే పిపెట్‌తో గట్టిగా నీళ్లు కొట్టండి, ఊడి పడతాయి. కోరల్ డిప్‌లో, అంటే కోరల్‌ను కాసేపు మందు కలిపిన నీళ్లలో ముంచితే, పురుగులు చస్తాయి కానీ గుడ్లు చావవు. కోరల్ మొదలు దగ్గర, చచ్చిన అస్థిపంజరంమీద గోధుమరంగు గుడ్ల గుంపులు వెతికి గీకేయండి, లేదా ఆ భాగాన్నే విరిచేయండి. వారానికోసారి డిప్, కొన్ని వారాలపాటు. కొత్త అక్రోపోరా తెచ్చినా ఇదే వరస, అప్పటిదాకా దాన్ని వేరే తొట్టిలోనే ఉంచండి.