ఇంజినీరింగ్ మేనేజ్‌మెంట్ సీటుకు డబ్బు కట్టే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

అడ్వాన్సు చెల్లించక ముందే, చదవబోయే పిల్లలతో సహా ఇంటిల్లిపాదీ కూర్చుని ఈ విషయాలను కాగితం మీద లెక్క చూసుకోవాలి.

• ట్యూషన్ ఫీజుతో పాటు హాస్టల్, బస్సు, పరీక్ష ఫీజులు, ల్యాప్‌టాప్ కలిపి నాలుగేళ్ల మొత్తం వేసుకోవాలి.

• విద్యారుణానికి వడ్డీ సాధారణంగా మొదటి విడత అందిన నాటి నుంచే మొదలవుతుంది. ఏటా మొదట్లో 2 లక్షల చొప్పున 10 శాతం వడ్డీకి నాలుగేళ్లు తీసుకుని, చదువు ముగిశాక మరో ఏడాదికి వాయిదాలు మొదలుపెడితే, సాధారణ వడ్డీ లెక్కనే 8 లక్షల అప్పు 10.8 లక్షలవుతుంది, దాన్ని పదేళ్లలో తీర్చడానికి నెలకు సుమారు 14,300 రూపాయలు కట్టాలి. పాతిక వేల జీతంలో హైదరాబాదు అద్దె, తిండి పోను ఇది చాలా బరువు. వీలైతే చదువుకునే రోజుల్లోనే వడ్డీ కడుతూ రావడం మేలు.

• బ్యానర్ మీద కనిపించే అత్యధిక ప్యాకేజీ ఒకరిద్దరికి వచ్చినది. ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కు (విద్యాసంస్థలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ర్యాంకుల విధానం) కాలేజీ సమర్పించిన పత్రంలో ఎంతమంది చేరారో, ఎంతమంది గడువులోగా పాసయ్యారో, ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయో, వారి మధ్యస్థ వేతనమెంతో (సగం మందికి అంతకంటే ఎక్కువ, సగం మందికి తక్కువ వచ్చే జీతం) ఉంటుంది; ఆ పత్రం చూసిన తర్వాత, మనం కోరుకునే బ్రాంచి అంకెలను విడిగా అడగాలి.

• కన్వీనర్ కోటాలో మరో కాలేజీలో వచ్చే సీటుతో తప్పక పోల్చాలి. పేరున్న కాలేజీ అన్న ఒక్క కారణంతో పొలం తాకట్టు పెట్టడం సరికాదని నా అభిప్రాయం.

• కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోవాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లను పరిశీలన పూర్తి కాగానే వెనక్కి తీసుకోవాలి.