సాల్ట్ వాటర్ పూల్‌లో క్లోరిన్ నిలవట్లేదా? ముందు స్టెబిలైజర్ చూడండి

మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు ఇంట్లో పూల్ ఉన్నోళ్లకి ఎండాకాలం ఇదే గోల, ఉప్పు నీళ్ల నుంచి క్లోరిన్ తయారుచేసే మెషిన్ పొద్దంతా నడుస్తది కానీ సాయంత్రం టెస్ట్ చేస్తే క్లోరిన్ ఉండదు. మెషిన్ పర్సంటేజ్ పెంచే ముందు స్టెబిలైజర్ (ఎండకి క్లోరిన్ పోకుండా కాపాడే సైనూరిక్ యాసిడ్ పొడి) చూడండి, 60 నుంచి 80 పీపీఎం (లీటర్ నీళ్లకి అన్ని మిల్లీగ్రాములు) లేకుంటే క్లోరిన్ ఎండకే పోతది. లెక్క ఈజీ, 1000 లీటర్లకి 10 గ్రాములు వేస్తే 10 పీపీఎం పెరుగుతది, 40,000 లీటర్ల పూల్‌లో 30 పెంచాలంటే 1.2 కిలోలు. పాత సాక్స్‌లో పోసి నీళ్లు లోపలికొచ్చే జెట్ ముందు వేలాడదీయండి, మెల్లగా కరుగుతది, వారం ఆగి టెస్ట్ చేయండి, తొందరపడి ఇంకో డోస్ వెయ్యకండి, ఎక్కువైతే సగం నీళ్లు తీసి కొత్తవి నింపుకోవాల్సిందే, ట్యాంకర్ రేట్లు తెలుసుగా!

క్లోరిన్ మాత్రం స్టెబిలైజర్‌లో 5 శాతం కంటే తగ్గనీయకండి, అంటే స్టెబిలైజర్ 70 పీపీఎం ఉంటే క్లోరిన్ కనీసం 3.5 పీపీఎం ఉండాలి. వానలకి పూల్ పొంగితే రెండూ మళ్లీ చెక్ చేసుకోండి.