తిన్నాక షుగర్ ఎగబాకకుండా పేగు హార్మోన్లను వాడుకోవడం ఎలా

షుగర్ అనగానే అందరం ఇన్సులిన్ గురించే మాట్లాడుకుంటాం గానీ, ఇన్సులిన్‌కి ముందుగా కబురు పంపేది పేగులే. తిండి చిన్నపేగులోకి దిగగానే అక్కడి కణాలు జీఐపీ, జీఎల్‌పీ-1 అనే హార్మోన్లు వదులుతాయి, అవి క్లోమంలోని బీటా కణాల చేత ఇన్సులిన్ ఎక్కువగా విడుదల చేయిస్తాయి. అందుకే గ్లూకోజ్‌ని నరంలోకి ఎక్కించినప్పటి కంటే నోటితో తాగినప్పుడు, రక్తంలో షుగర్ అంతే ఉన్నా సరే, ఇన్సులిన్ ఎక్కువ వస్తుంది. నాకైతే ఇది నిజంగా అద్భుతం అనిపిస్తుంది. జీఎల్‌పీ-1 అక్కడితో ఆగదు: కాలేయం నుంచి గ్లూకోజ్ బయటకు తెచ్చే గ్లూకగాన్ అనే హార్మోన్‌ని తగ్గిస్తుంది, కడుపు ఖాళీ అయ్యే వేగాన్నీ తగ్గిస్తుంది.

కాబట్టి ముందు కూరగాయలు, ప్రోటీన్ తినండి, పిండిపదార్థాలు చివర్లో. ఆ హార్మోన్లు ముందే పని మొదలుపెడతాయి.

తిన్నాక 10-15 నిమిషాలు నడవండి. కదిలే కండరాలు ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే గ్లూకోజ్ లాగేసుకుంటాయి.

ఫలితం నమ్మకంగా తెలియాలంటే, ఒకే భోజనాన్ని రెండు వేర్వేరు రోజుల్లో వరస మార్చి తినండి, మొదటి ముద్ద నుంచి 2 గంటలకు గ్లూకోమీటర్‌తో చూసుకోండి.

ఇన్సులిన్ గానీ, దాన్ని పెంచే మాత్రలు గానీ వాడుతుంటే మాత్రం ముందు డాక్టర్‌ని అడగాల్సిందే. షుగర్ 70 mg/dL కంటే తగ్గితే వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, 15 నిమిషాలకు మళ్లీ చూడండి.